ఏథెన్స్ మీదుగా పోయిన డబ్బు

గ్రీస్ పతనానికి ముహూర్తమంటూ ఒకటి చెప్పాల్సి వస్తే అది 2009 అక్టోబరు. ఆ నెల 4న ఎన్నికల్లో గెలిచిన జార్జ్ పపాండ్రూ ప్రభుత్వం పద్దుపుస్తకాలు తెరిచి నిర్ఘాంతపోయింది. పాత ప్రభుత్వం యూరప్‌కు చెప్పుకుంటూ వచ్చిన లోటు ఒకటి, పుస్తకాల్లో ఉన్న లోటు ఒకటి. ఆ ఏడాది బడ్జెట్ లోటు జీడీపీలో 12 శాతం దాటుతుందని కొత్త ఆర్థిక మంత్రి తోటి యూరో దేశాల మంత్రుల ముందు ఒప్పుకున్నారు. యూరో నిబంధనల ప్రకారం హద్దు 3 శాతం. సవరణ మీద సవరణ జరిగి చివరికి యూరప్ గణాంక సంస్థ తేల్చింది 15 శాతానికి పైనే. ఆ నిజం లెక్క వేసి ఇచ్చిన గ్రీస్ గణాంక శాఖ అధిపతి ఆండ్రియాస్ జార్జియూ, లోటు ఎక్కువ చేసి చూపించాడన్న ఆరోపణ మీద ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కారు. తప్పుడు లెక్కలు రాసినవాళ్లకు అంత శ్రమ పడలేదు.

గ్రీస్ అమాయకురాలని చెప్పబోవడం లేదు. 1974 దాకా సైనిక నియంతల కింద నలిగిన ఆ దేశానికి 1981లో ఆండ్రియాస్ పపాండ్రూ ప్రధాని అయ్యారు. పింఛన్లు పెంచారు, ప్రభుత్వ ఆస్పత్రుల వ్యవస్థ కట్టారు, ఊరూరా ఉద్యోగాలిచ్చారు. పల్లెల్లో ఆయన్ని దేవుడిలా చూసినవాళ్లున్నారు. అయితే అదంతా చాలావరకు అప్పు మీద నడిచింది. వైద్యులు, లాయర్లు, ఓడల యజమానులు పన్ను కట్టడమన్నది ఇష్టాన్ని బట్టి ఉండేది. తండ్రి కట్టిన ఆ ఇంటిని గది తర్వాత గది కూలగొట్టాల్సిన పని, మూడు దశాబ్దాల తర్వాత, సొంత కొడుకు జార్జ్ చేతికే వచ్చింది. విధి అంటే నమ్మకం లేనివాళ్లకు కూడా ఇక్కడ కాస్త గొంతు పట్టేస్తుంది.

2001లో గ్రీస్ యూరోలో చేరింది. డ్రాక్మా పోయింది. దాంతోపాటు ఒక వింత జరిగింది: యూరప్ బ్యాంకులు గ్రీస్‌కు దాదాపు జర్మనీకి ఇచ్చే వడ్డీకే అప్పివ్వడం మొదలుపెట్టాయి. ఏథెన్స్, బెర్లిన్ ఒకటేనా అని ఎవరూ అడగలేదు. అప్పు చవగ్గా దొరుకుతుంటే ఏ ప్రభుత్వం వద్దంటుంది? 2004 ఒలింపిక్స్‌కు స్టేడియాలు లేచాయి. జర్మనీ నుంచి జలాంతర్గాములు కొన్నారు. అప్పు తక్కువగా కనబడేలా 2001లోనే గోల్డ్‌మన్ శాక్స్‌తో ఒక కరెన్సీ మార్పిడి ఒప్పందం రాసుకున్నారు. యూరోలో చేరేనాటి లెక్కలు కూడా సరైనవి కావని 2004లోనే బయటపడింది. అప్పిచ్చేవాళ్లు అప్పుడూ ఆగలేదు. అప్పు తీసుకున్నవాడి తప్పు గురించి తర్వాత వెయ్యి వ్యాసాలు వచ్చాయి, కళ్లు మూసుకుని ఇచ్చినవాడి గురించి అందులో పదో వంతు కూడా రాలేదు.

2008 సెప్టెంబరు 15న న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ కూలాక ప్రపంచమంతా అప్పు ప్రవాహం గడ్డకట్టింది. గ్రీస్ బతికేది రెంటి మీద: ఓడలు, పర్యాటకులు. రెండూ పడిపోయాయి. కొత్త అప్పు పుట్టకపోతే పాత అప్పు కట్టలేని దేశానికి ఇక మిగిలింది ఒక్కటే దారి.

2010 ఏప్రిల్ 23న పపాండ్రూ టర్కీ తీరానికి కూతవేటు దూరంలో ఉన్న చిన్న ద్వీపం కాస్టెల్లోరిజో నుంచి టీవీలో మాట్లాడారు. వెనక నీలి సముద్రం, పడవలు, ఇళ్లు. ముందు ఒక ప్రధాని, అంతర్జాతీయ సహాయం అడగక తప్పడం లేదని దేశానికి చెబుతూ. పురాణ వీరుడు ఒడిస్సియస్ ప్రయాణాన్ని తలచుకుని, ఆయన సొంత ద్వీపం ఇథాకాకు దారి తమకు తెలుసన్నారు. ఆ సముద్రంలో ఎనిమిదేళ్లు పడుతుందని, దారిలో పడవలోని వాళ్లు ఎందరో జారిపోతారని ఆ రోజు ఆయనకు తెలిసి ఉండదు.

మే 2న ఒప్పందం కుదిరింది. మొత్తం 11,000 కోట్ల యూరోలు. అందులో యూరో దేశాలవి 8,000 కోట్లు, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)ది 3,000 కోట్లు. లెక్కలు చూసుకునేది ముగ్గురు: యూరోపియన్ కమిషన్, యూరోపియన్ కేంద్ర బ్యాంకు, ఐఎంఎఫ్. జనం వీళ్లను ట్రోయికా అన్నారు. మూడు నెలలకోసారి ఏథెన్స్‌లో దిగి, మంత్రిత్వ శాఖల్లో కూర్చుని, షరతులు ఎన్ని నెరవేరాయో చూసి వాయిదా వదలడం వాళ్ల పని. మొదట్లో యూరో దేశాలు వేసిన వడ్డీ సుమారు 5 శాతం. సహాయం అనే మాట పక్కన ఆ వడ్డీ అంకె పెట్టి చూస్తే ఏదోలా ఉంటుంది. మే 5న షరతులకు వ్యతిరేకంగా ఏథెన్స్ వీధులు నిండిపోయాయి. ఎవరో ఒక బ్యాంకు శాఖ మీద పెట్రోలు బాంబు విసిరారు. లోపల ముగ్గురు ఉద్యోగులు ఊపిరాడక చనిపోయారు. వాళ్లలో ఒకామె గర్భవతి. సమ్మె రోజున కూడా పనికి వచ్చిన మామూలు మనుషులు వాళ్లు.

నాలుగు రోజుల తర్వాత, మే 9న, వాషింగ్టన్‌లో ఐఎంఎఫ్ బోర్డు కూర్చుంది. ఈ కథలో నాకు అన్నింటికంటే బరువుగా తోచే గంటలు అవే. గ్రీస్‌కు ఇవ్వబోతున్నది ఆ దేశం కోటాకు, అంటే నిధిలో దాని వాటా సొమ్ముకు, 32 రెట్లు. అంతటి అప్పు ఇవ్వాలంటే ఆ దేశం తిరిగి కట్టగలదన్న గట్టి నమ్మకం ఉండాలని నిధి సొంత నిబంధనే చెబుతోంది. ఆ మాట నిబ్బరంగా చెప్పడానికి నిధి సిబ్బందికే నోరు రాలేదు. అందుకని నిబంధనకే ఒక మినహాయింపు చేర్చారు: ఒక దేశం పతనం మిగతా ప్రపంచానికి అంటుకునే ప్రమాదం ఉంటే ఇవ్వొచ్చునట. అంటే అప్పు ఇచ్చేటప్పుడు గ్రీస్ కంటే గ్రీస్ చుట్టూ ఉన్నవాళ్లను ఎక్కువగా చూశారన్నమాట.

ఆ బల్ల దగ్గర అభ్యంతరం చెప్పినవాళ్లు లేకపోలేదు. పాత అప్పులో కోత ఎందుకు పెట్టడం లేదని స్విట్జర్లాండ్ ప్రతినిధి అడిగారు. ఇది గ్రీస్‌ను కాపాడటం కాదు, గ్రీస్‌కు అప్పిచ్చిన ప్రైవేటు సంస్థలను కాపాడటమని జనం అనుకోవచ్చునని బ్రెజిల్ ప్రతినిధి హెచ్చరించారు. 2001లో దివాలా రుచి చూసిన అర్జెంటీనా తన అనుభవం గుర్తుచేసింది. మన దేశం తరఫున కూర్చున్న అరవింద్ వీర్మాని ఇంకా ముందుకు వెళ్లారు. సొంత ద్రవ్య విధానం తోడు లేకుండా ఇంత ఖర్చు కోయడం ఎక్కడా జరగలేదని, ఆర్థిక వ్యవస్థ మోయలేని భారమని, ధరలు, ఉద్యోగాలు, పన్ను రాబడి ఒకదాన్నొకటి కిందికి లాక్కుంటూ పోయి చివరికి కార్యక్రమమే కూలవచ్చునని చెప్పారు. ఆ సమావేశం గుట్టు 2013లో పత్రికలకెక్కింది. అప్పటికి ఆయన చెప్పిందంతా జరిగిపోయింది. బోర్డులో ఓట్ల బలం అమెరికా, యూరప్‌లది. ఆ రోజు అప్పు మంజూరైంది.

ఆ డబ్బు ఎటు పోయింది? ఏథెన్స్‌కు వచ్చింది, ఏథెన్స్ మీదుగా వెళ్లిపోయింది. బెర్లిన్‌లోని ఈఎస్ఎమ్‌టీ అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ 2016లో మొదటి రెండు ప్యాకేజీల పద్దు విప్పి చూసింది. సుమారు 21,600 కోట్ల యూరోల్లో గ్రీస్ బడ్జెట్‌కు నేరుగా చేరింది 5 శాతం కంటే తక్కువ. మిగతాది పాత అప్పుల అసలుకు, వడ్డీకి, బ్యాంకులు నిలబెట్టడానికి పోయింది. మన కాలువ కింద చివరి భూముల రైతును అడిగితే ఈ లెక్క వెంటనే బోధపడుతుంది: నీళ్లు వదిలారన్నది నిజమే, తన చేను దాకా రాలేదన్నదీ నిజమే. 2010లో ఫ్రాన్స్, జర్మనీ బ్యాంకుల దగ్గర గ్రీస్ బాండ్లు గుట్టలుగా ఉన్నాయి. రెండేళ్లలో ఆ బ్యాంకులు మెల్లగా బయటికి జారుకున్నాయి. వాళ్ల స్థానంలో అప్పిచ్చినవాళ్లుగా యూరప్ ప్రజల పన్నుల డబ్బు వచ్చి నిలబడింది. ఆ తర్వాత జర్మనీ పన్ను చెల్లింపుదారుకు గ్రీస్ పింఛనుదారు మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?

2010లోనే పాత అప్పులో సగం రద్దు చేసి ఉంటే? ఇది కొత్త ఆలోచన కాదు. 1953 ఫిబ్రవరిలో లండన్‌లో పశ్చిమ జర్మనీ అప్పుల్లో దాదాపు సగం కొట్టివేశారు. మిగతాది ఎగుమతుల మిగులు ఉంటేనే కట్టేలా వెసులుబాటు ఇచ్చారు. జర్మనీ లేచింది. ఆ ఒప్పందం మీద సంతకం చేసిన రుణదాతల్లో గ్రీస్ ఉంది. జర్మన్ సైన్యం ఆక్రమణలో ఆకలికి వేలమందిని పోగొట్టుకుని ఇంకా పదేళ్లు కాని గ్రీస్.

మనకూ ఈ వాకిలి కొత్త కాదు. 1991లో మన ఖజానాలో దిగుమతులకు రెండు మూడు వారాల డాలర్లు మిగిలిన రోజుల్లో 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టి ఐఎంఎఫ్ దగ్గరకు వెళ్లాం. పీవీ ప్రభుత్వం ఆ జులై 1న, 3న రెండు దఫాలుగా రూపాయి విలువ తగ్గించింది. మన సరుకు బయటివాళ్లకు చవకైంది, ఎగుమతులు ఊపిరి పీల్చుకున్నాయి. షరతుల సెగ మనకు తగలలేదని కాదు. ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ సంస్కరణలు మొదలైన ఆంధ్రప్రదేశ్‌లో, 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ వెళ్లిన ఊరేగింపు మీద బషీర్‌బాగ్‌లో తూటాలు పేలాయి, ముగ్గురు పోయారు. అయినా మన చేతిలో రూపాయి ఉంది. గ్రీస్ చేతిలో డ్రాక్మా లేదు. కరెన్సీ విలువ తగ్గించలేనివాళ్లు ఇక తగ్గించగలిగేది మనుషుల విలువే: జీతాలు, పింఛన్లు, మందులు.

తగ్గించారు. ఉద్యోగులకు, పింఛనుదారులకు క్రిస్మస్, ఈస్టర్, వేసవి బోనస్‌లు మొదట పోయాయి. తర్వాత పింఛనే మళ్లీ మళ్లీ తగ్గింది. 2012 ఫిబ్రవరిలో కనీస వేతనం నెలకు 751 యూరోల నుంచి 586కు దిగింది. పాతికేళ్లు నిండని వాళ్లకు ఇంకా తక్కువ. ఇంటి మీద కొత్త పన్ను వేసి కరెంటు బిల్లులో కలిపారు: కట్టకపోతే కరెంటు కట్. ఇంధన నూనె మీద పన్ను పెంచేసరికి ఆ చలికాలం ఏథెన్స్ వాసులు పొయ్యిల్లో కట్టెలు, పాత కుర్చీలు కాల్చారు. పార్థెనాన్ మీద పొగ కమ్మింది. దక్షిణాన లకోనియాలో, ఎప్పుడో తరిమేశామనుకున్న మలేరియా 2011లో స్థానికంగా మళ్లీ పుట్టింది. ఆస్పత్రుల్లో రోగులు పెరిగారు, బడ్జెట్ తరిగింది.

2012 ఏప్రిల్ 4 ఉదయం పార్లమెంటు ఎదురుగా ఉన్న సింటాగ్మా కూడలిలో 77 ఏళ్ల విశ్రాంత ఫార్మసిస్టు ఒకరు ప్రాణం తీసుకున్నారు. జీవితమంతా తాను కట్టుకున్న పింఛను మీద బతికే దారి మూసేశారని, చెత్తకుప్పల్లో తిండి వెతుక్కునే రోజు రాకముందే గౌరవంగా వెళ్లిపోతున్నానని ఆయన జేబులోని కాగితం చెప్పింది. ఆయన కూలిన చెట్టు కింద జనం పూలు, ఉత్తరాలు పెట్టారు. ఆర్థిక శాస్త్రంలో దీన్ని సర్దుబాటు అంటారు.

2013 జూన్ 11 రాత్రి ప్రభుత్వ టీవీ, రేడియో సంస్థ ఈఆర్‌టీ తెర నల్లబడింది. సాయంత్రం ప్రకటన, రాత్రికి మూత. రెండున్నర వేలకు పైగా ఉద్యోగులు వీధిన పడ్డారు. ఆ సెప్టెంబరులో ఆర్థిక శాఖ కార్యాలయాల్లో నేల తుడిచే 595 మంది ఆడవాళ్లను తీసేశారు. వాళ్లు ఊరుకోలేదు. ఎర్ర రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని మంత్రిత్వ శాఖ ముందు నెలల తరబడి కూర్చున్నారు, పోలీసుల చేత తోయించుకున్నారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2015లో వాళ్లను మళ్లీ పనిలోకి తీసుకుంది. ఈ కథలో చేజారింది తిరిగి చేతికి వచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందుకే వాళ్ల సంగతి చెప్పకుండా దాటలేను.

అప్పు కోత చివరికి వచ్చింది, రెండేళ్లు ఆలస్యంగా. 2012 మార్చిలో ప్రైవేటు చేతుల్లోని బాండ్ల ముఖవిలువలో 53.5 శాతం కొట్టేశారు. పెద్ద విదేశీ బ్యాంకులు అప్పటికే చాలావరకు బరువు దించుకున్నాయి. యూరోపియన్ కేంద్ర బ్యాంకు తన బాండ్లకు మినహాయింపు తీసుకుంది. దెబ్బ ఎవరికి తగిలింది? గ్రీస్ బ్యాంకులకు, గ్రీస్ పింఛను నిధులకు, దేశం మీద నమ్మకంతో దాచుకున్నది బాండ్లలో పెట్టిన చిన్నవాళ్లకు. కూలిన బ్యాంకులను నిలబెట్టడానికి 13,000 కోట్ల రెండో ప్యాకేజీలోంచి మళ్లీ అప్పు.

2013 జూన్‌లో ఐఎంఎఫ్ తన పనిని తానే బేరీజు వేసుకుని ఒక నివేదిక బయటపెట్టింది. 2009 నుంచి 2012 దాకా ఆర్థిక వ్యవస్థ ఐదున్నర శాతం కుంగుతుందని అనుకున్నారు, 17 శాతం కుంగింది. 2012లో నిరుద్యోగం 15 శాతం ఉంటుందనుకున్నారు, 25 శాతానికి చేరింది. ఆ జనవరిలోనే నిధి ముఖ్య ఆర్థికవేత్త ఒలివియర్ బ్లాంచర్డ్, సహచరుడు డేనియల్ లీ కలిసి, ఖర్చు కోత ఆర్థిక వ్యవస్థను ఎంత దెబ్బతీస్తుందో తక్కువగా అంచనా వేశామని రాశారు. తప్పు ఒప్పుకున్న సంస్థ కాబట్టి మెచ్చుకోవాలి. నిజంగానే మెచ్చుకోవాలి, యూరోపియన్ కమిషన్ ఆపాటి కూడా చేయలేదు. కాకపోతే ఒప్పుకోలు వచ్చిన ఏడాదే నిరుద్యోగం 27 శాతం దాటింది. యువతలో సగానికి పైగా పనిలేకుండా ఉన్నారు. అప్పు భారం తగ్గించడానికని మొదలుపెట్టిన చికిత్సలో జీడీపీ పావు వంతు కరిగింది, కనుక జీడీపీతో పోల్చిన అప్పు 2009లో 127 శాతం ఉన్నది 2018 నాటికి 180 దాటింది.

2015 జనవరిలో జనం అలెక్సిస్ సిప్రాస్‌ను గెలిపించారు. పొదుపు సంకెళ్లు తెంచుతానన్నాడాయన. ఐదు నెలల బేరం బెడిసికొట్టింది. జూన్ చివర బ్యాంకులు మూతపడ్డాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. కార్డులు లేని ముసలివాళ్లు మూసిన షట్టర్ల ముందు తెల్లవారుజాము నుంచి నిలబడ్డారు. జూన్ 30న ఐఎంఎఫ్‌కు కట్టాల్సిన సుమారు 150 కోట్ల యూరోల వాయిదా తప్పింది. అభివృద్ధి చెందిన దేశమేదీ అంతకుముందు ఆ పని చేయలేదు. జులై 5న రుణదాతల షరతులకు ఒప్పుకుందామా అని అడిగితే 61 శాతం మంది వద్దన్నారు. ఆ రాత్రి సింటాగ్మాలో నాట్యాలు. వారం గడిచిందో లేదో, బ్రస్సెల్స్‌లో రాత్రంతా సాగిన సమావేశం తర్వాత, 13వ తేదీ ఉదయం సిప్రాస్ అంతకంటే కఠినమైన షరతులకు తలవంచారు. కొత్త అప్పు 8,600 కోట్ల వరకు. 5,000 కోట్ల యూరోల ఆస్తులు అమ్మకపు నిధిలోకి. పిరయస్ రేవులో మెజారిటీ వాటా చైనా సంస్థ కాస్కోకు, ప్రాంతీయ విమానాశ్రయాలు 14 జర్మనీ సంస్థ ఫ్రాపోర్ట్‌కు 40 ఏళ్లకు వెళ్లాయి.

విచిత్రమేమిటంటే ఈసారి ఐఎంఎఫ్ డబ్బివ్వలేదు. ఈ అప్పు గ్రీస్ తీర్చలేదు, కోత పెట్టండి అని యూరప్‌తో వాదించింది. 2010లో స్విట్జర్లాండ్, బ్రెజిల్, ఇండియా ప్రతినిధులు చెప్పినదానికి అయిదేళ్ల తర్వాత అది తనంతట తాను చేరుకుంది. 2010లో చేర్చిన ఆ మినహాయింపును 2016 జనవరిలో నిబంధనల్లోంచి తీసేసింది.

2018 ఆగస్టు 20న మూడో కార్యక్రమం ముగిసింది. మర్నాడు సిప్రాస్ ఇథాకా ద్వీపానికి వెళ్లి, ప్రయాణం పూర్తయిందని ప్రకటించారు. మూడు కార్యక్రమాల్లో తీసుకున్న మొత్తం అప్పు దాదాపు 28,900 కోట్ల యూరోలు. మరుసటి ఏడాది జనం ఆయన్ని ఓడించారు. ఈలోగా 4 లక్షలకు పైగా మనుషులు, ఎక్కువగా చదువుకున్న యువత, దేశం వదిలి వెళ్లారు. గ్రీస్ డబ్బుతో చదివిన డాక్టర్లు జర్మనీ ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. ఆ లెక్క ఏ రుణపత్రంలోనూ రాయలేదు.

తర్వాత గ్రీస్ కోలుకుందనే చెప్పాలి. పర్యాటకులు తిరిగొచ్చారు, బాండ్ల మార్కెట్‌లో మళ్లీ అప్పు పుడుతోంది. 2022 ఏప్రిల్‌లో ఐఎంఎఫ్ అప్పును గడువుకు రెండేళ్ల ముందే తీర్చేసింది. అయినా 2023 ముగిసేసరికి కూడా ఆర్థిక వ్యవస్థ 2008 నాటి పరిమాణానికి చేరలేదు. యూరప్ అప్పులో కొంత భాగం వాయిదాలు 2070 దాకా ఉన్నాయి. కాస్టెల్లోరిజో ప్రసంగం జరిగిన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి అరవై ఏళ్లు. పింఛను రావడానికి ఇంకా ఏడేళ్లు ఉంటుంది, ఎందుకంటే 2012లో ఆ వయసును 67కు పెంచారు. అదీ ఒక షరతే.